ఎనిమిదో రీజియన్

చీఫ్ గదిలో, టీవీ తెర మీద, చనిపోయిన మనిషి మాట్లాడుతున్నాడు.

"అన్నా, నమస్కారం. ఇది నువ్వు చూసేసరికి నాకింకా నాలుగైదు రోజుల టైమ్ ఉంటుందనుకుంటున్నా. తొందరపెడుతున్నానని విసుక్కోకు."

సన్నటి మొహం. నూనె రాసి పక్కకు దువ్విన జుట్టు. చొక్కా జేబులో రెండు పెన్నులు. మాటమాటకీ తలుపు వైపు చూస్తున్నాడు.

ఏజెంట్ పదిహేడు కుర్చీ చేతులు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. పదకొండేళ్ళ సర్వీసులో రెండుసార్లు తుపాకీ గుండు తగిలింది. ఆ రెండుసార్లూ ఒళ్ళిలా చల్లబడలేదు.

తెర మీది మనిషిని డిపార్ట్‌మెంట్‌లో అందరూ గుమాస్తా అనేవారు. సినిమా డీవీడీలు విదేశాలకు పంపే ఒక కంపెనీలో స్టోర్ గుమాస్తా. ఆ కంపెనీ ముసుగులో ఒక విదేశీ ముఠా మన రహస్యాలు బయటికి చేరవేస్తోందని మొదట ఉప్పందించింది అతనే. ఎనిమిది నెలల క్రితం ఈ డిస్క్ పంపిందీ అతనే. పంపిన ఆరో రోజున లారీ కింద పడి చనిపోయిందీ అతనే.

"మావాళ్ళ పద్ధతి చెప్తా విను," అంటున్నాడు గుమాస్తా. "సినిమా అయిపోయి పేర్లు పడ్డాక ఇంకో చాప్టర్ ఉంటుంది. మెనూలో కనపడదు. అసలు సరుకు అందులో పెడతారు. డిస్క్‌కి మాత్రం రీజియన్ ఎనిమిది కొడతారు. ఇది కూడా మా మెషీన్ మీదే చేశా కాబట్టి దీనికీ అదే పడింది. నీకు తెలియాలని కవరు మీద పెన్సిల్‌తో ఎనిమిది వేశా. ఇంకోటి అన్నా. మా అక్క ఈ డిస్కులు పోయే ఓడలోనే పనిచేస్తోంది. పొట్టకూటి కోసం చేరింది, సంగతి తెలిశాక బయటపడే దారి లేదు. మా ఇద్దర్నీ ఒకేసారి లాగాలి. తనని కలిస్తే, తమ్ముడి పుస్తకాలకి అట్టలు ఎవరేశారు అని అడుగు. వేసినవాళ్ళే చింపారు అంటే, అది మా అక్క."

చిన్నగా నవ్వి, ఏదో చప్పుడు విని, చెయ్యి చాచాడు. తెర నల్లబడింది.

ప్లేయర్ పక్కన నిలబడ్డ పెద్దమ్మ రిమోట్ బల్ల మీద పెట్టింది. ఆమె డిపార్ట్‌మెంట్ ల్యాబ్ టెక్నీషియన్. వయసు యాభై దాటలేదు గానీ చీఫ్‌తో సహా అందరికీ పెద్దమ్మే.

"స్టోర్ రూమ్ సర్దుతుంటే దొరికింది. పనికిరానివి అని రాసిన అట్టపెట్టెలో," అంది.

చీఫ్ ఒక పాత ఫైలు తెరిచి చదివాడు. "సరుకు నకిలీ. డిస్క్‌లో ఏమీ లేదు. మనిషి నమ్మదగినవాడు కాదు. అతన్ని బయటికి తెచ్చే ఏర్పాటు రద్దు చేయవచ్చు." తలెత్తాడు. "సంతకం నీదేనా?"

"నాదే సర్."

"ప్లేయర్‌లో పెట్టి చూశావా?"

"చూశాను. రీజియన్ కోడ్ తప్పు అని పడింది. డిస్క్ పాడైందేమో అనుకున్నాను."

పెద్దమ్మ నుదురు కొట్టుకుంది. "ప్రపంచాన్ని ముక్కలు కోసి ముక్కకో నంబర్ ఇచ్చారు బాబూ, ఎక్కడి సినిమా అక్కడే అమ్ముకోవడానికి. ఒక ముక్కలో అమ్మిన డిస్క్ ఇంకో ముక్కలో కొన్న ప్లేయర్‌లో ఆడదు. డిస్క్ మంచిదే, ప్లేయరూ మంచిదే. ఆ ఒరలో ఆ కత్తి ఇమడదు, అంతే. ఒకటి నుంచి ఆరు దాకా నేల మీద దేశాలకి. ఏడు ఎవరికీ ఇవ్వలేదు. ఎనిమిది విమానాలకీ ఓడలకీ. నేల మీద ఎవడి చేతికి చిక్కినా ఆడదు గనక చెత్తలో పారేస్తాడు. అదీ వాళ్ళ తెలివి. కవరు మీద ఎనిమిది చూశావా?"

"సీరియల్ నంబర్ అనుకున్నాను."

"నన్నొక్క మాట అడగొచ్చుగా?"

పదిహేడుకి అంతా గుర్తుంది. ఆ రోజు శనివారం. ల్యాబ్ మూడంతస్తుల కింద, లిఫ్టు పనిచేయడం లేదు. మెట్ల దాకా వెళ్ళి, కిందికి తొంగి చూసి, వెనక్కి వచ్చి ఆ నాలుగు వాక్యాలు రాశాడు. రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఈ మాట ఏ ఫైల్లోనూ లేదు.

చీఫ్ ఫైలు మూశాడు. "ఏడుపులు తర్వాత. పోయిన వారం మన ఆర్కైవ్‌లోంచి ఒక జాబితా కాపీ అయింది. విదేశాల్లో మనకోసం పనిచేస్తున్న ముప్పై ఒక్క మంది పేర్లు, అడ్రసులు. అది ఏ దారిన బయటికి పోతుందో నిన్నటిదాకా తెలీదు. ఇవాళ ఈ డిస్క్‌తో తెలిసింది, మిగతాది మనవాళ్ళు ఆరా తీశారు. ఆ ఓడ ఇప్పుడు మన రేవులోనే ఉంది. సాయంత్రం ఐదుకి కదులుతుంది. కంపెనీ యజమాని, మనం ఎగుమతిదారు అంటున్న పెద్దమనిషి, నాలుగింటికి ఓడలో సినిమా గదికి కొత్త డిస్క్ తీసుకెళ్తాడు. కొనేవాడు ప్రయాణికుడిలా ఓడలోనే ఉన్నాడు. డాక్టర్ అంటారు వాణ్ణి. చూసి, సరుకు అసలుదని తేల్చుకుని, ఓడ కదలగానే రేడియోలో పంపేస్తాడు. రాత్రికి ముప్పై ఒక్క తలుపులు తడతారు."

"ఎగుమతిదారుణ్ణి గేటు దగ్గరే పట్టుకుంటే?"

"డాక్టర్ మాయమవుతాడు, ఇంకో దారి వెతుక్కుంటాడు. ఓడది విదేశీ జెండా. కెప్టెన్ పిలిస్తే తప్ప మన పోలీసులు కాలు పెట్టకూడదు."

పెద్దమ్మ సంచిలోంచి మరో రిమోట్ తీసింది. చూడ్డానికి మామూలుదే. "ఓడలో ఉన్న ప్లేయర్ మోడల్ కనుక్కున్నా. ట్రే బయటికి రాగానే ఈ ఎర్ర బటన్ నొక్కు. తర్వాత మూడు నొక్కు. ఎనిమిదో రీజియన్ ప్లేయర్ మూడో రీజియన్‌దవుతుంది. వాళ్ళ డిస్క్ వాళ్ళ ప్లేయర్‌లోనే ఆడదు. డాక్టర్ ఏమనుకుంటాడో..." ఆమె ఆగిపోయింది.

"సరుకు నకిలీ అనుకుంటాడు," అన్నాడు పదిహేడు.

చీఫ్ అతన్ని గుమ్మం దాకా సాగనంపాడు. "ఆ అక్క మనవైపో వాళ్ళవైపో ఎనిమిది నెలలుగా ఎవరూ చూడలేదు. ఆమె సాయం కావాలి. తమ్ముడి గురించి అడిగితే, మేం వచ్చేసరికే ఆలస్యమైందని చెప్పు. రిపోర్ట్ సంగతి ఎత్తకు. ఇది ఆర్డర్."

"అలాగే సర్."

మూడున్నరకు ఒక సర్వీస్ మెకానిక్ ఓడ మెట్లెక్కాడు. బూడిదరంగు ఓవరాల్, నెరిసిన మీసం, వంగిన నడుం, చేతిలో పనిముట్ల సంచి. సంచి అడుగున గుడ్డలో చుట్టిన పిస్టల్. కాపలావాడు పాస్ చూసి ఆవులించి దారి ఇచ్చాడు.

సినిమా గది రెండో డెక్ మీద ఉంది. పన్నెండు కుర్చీలు, పెద్ద తెర, అద్దాల బీరువాలో ప్లేయర్. పదిహేడు ట్రే తెరిచాడు. ఎర్ర బటన్. మూడు. ప్లేయర్ నుదుటి మీద చిన్న పచ్చంకె ఒకసారి మినుకుమని ఆరిపోయింది.

అంత తేలిక. ఎనిమిది నెలల క్రితం కూడా ఇంతే తేలికగా అయిపోయేది.

"ఎవరు నువ్వు?"

గుమ్మంలో ఒక స్త్రీ. ముదురు నీలం గౌను, చెవులకు ముత్యాలు, ఎత్తుమడమల చెప్పులు. ఓడలో వినోదాల మేనేజర్. ప్రయాణికులంతా ఆమె నవ్వు కోసమే ఈ గదికి వస్తారంటారు. ఇప్పుడు నవ్వడం లేదు. తమ్ముడి పోలికే, అదే సన్నటి మొహం.

పదిహేడు నడుం నిటారు చేశాడు. "తమ్ముడి పుస్తకాలకి అట్టలు ఎవరేశారు?"

ఆమె చెయ్యి తలుపు గడియ మీద బిగుసుకుంది. "వేసినవాళ్ళే చింపారు," అంది. లోపలికి వచ్చి తలుపు మూసింది. "ఇప్పుడా రావడం?"

ఆర్డర్ ప్రకారం చెప్పవలసిన మాట నాలుక చివర ఉంది. మేం వచ్చేసరికే ఆలస్యమైంది. ఎదురుగా ఆ మొహం. పెన్సిల్‌తో ఎనిమిది వేసినవాడి మొహం.

"మీ తమ్ముడు డిస్క్ పంపాడు," అన్నాడు. "అది నా చేతికే వచ్చింది. నా ప్లేయర్‌లో ఆడలేదు. ఎందుకాడలేదో కనుక్కోలేదు. నకిలీ అని రిపోర్ట్ రాసేశాను. నేను రాసినందుకే ఎవరూ రాలేదు. మీతో ఇది చెప్పొద్దని ఆర్డర్."

"మరి ఎందుకు చెప్తున్నావు?"

"సాయం అడగడానికి వచ్చాను. దాచి అడగలేను."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. మీసం, సంచి, చేతిలో రిమోట్. "ప్లేయర్ రీజియన్ మార్చావా?"

"మార్చాను."

"ఇంతేనా నీ ప్లాన్?"

నవ్వింది. వినడానికి బాగున్న నవ్వు కాదు. గిరుక్కున తిరిగి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. చెప్పుల చప్పుడు మెట్లెక్కి పై డెక్ వైపు పోయింది. డాక్టర్ క్యాబిన్ ఉన్నది పై డెక్‌లోనే.

పదిహేడు గోడ గడియారం చూశాడు. మూడు నలభై. పారిపోవడానికి టైమ్ ఉంది. ఆమె పట్టిస్తే తప్పు పట్టడానికి అతనికి నోరు లేదు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, ప్లేయర్ మూత విప్పి, బిగించి, మళ్ళీ విప్పుతూ కూర్చున్నాడు.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. ముందు ఎగుమతిదారు, లావుపాటి మనిషి, చంకలో సినిమా డబ్బా. వెనక బంగారు కళ్ళజోడుతో డాక్టర్. వాళ్ళ వెనక ట్రేలో కాఫీ కప్పులతో ఆమె.

"ఎవరీయన?" డాక్టర్ గొంతు మెత్తగా ఉంది.

"సర్వీస్ మెకానిక్," అంది ఆమె. "పొద్దుట్నుంచీ ప్లేయర్ మొరాయిస్తోంది, నేనే పిలిపించాను. ఉండనివ్వండి, మళ్ళీ మొరాయిస్తే ఎవర్ని వెతుక్కుంటాం?"

పదిహేడు పక్కకు జరిగాడు. ఆమె అతనివైపు చూడలేదు. దీని అర్థం ఏమిటో అతనికి తెలియలేదు. పిల్లి కూడా ఎలుకను వెంటనే చంపదు.

ఎగుమతిదారు డిస్క్ పెట్టాడు. తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. రీజియన్ కోడ్ తప్పు.

"ఏమిటిది?" అన్నాడు డాక్టర్.

"ప్లేయరే పాడైందంటున్నారుగా!" ఎగుమతిదారు నుదుటి మీద చెమట పట్టింది. మెకానిక్ వైపు తిరిగాడు. "చూడవయ్యా!"

"ప్లేయర్ బాగయింది సార్," అన్నాడు పదిహేడు వినయంగా. "డిస్కే తేడా."

డాక్టర్ తొణకలేదు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఫరవాలేదు. నా లాప్‌టాప్ ఉంది. దానిలో చూద్దాం."

ఆమె ఎందుకు నవ్విందో పదిహేడుకి ఇప్పుడర్థమైంది. వచ్చేముందు ఈ ప్రశ్న పెద్దమ్మను అడిగి ఉండాల్సింది. కంప్యూటర్‌లో అయితే ఎలా అని. అడగలేదు. మళ్ళీ అడగలేదు.

"నేను తెస్తాను," అందామె. నిమిషంలో తెచ్చింది. డాక్టర్ ముందు, రెండు చేతులతో జాగ్రత్తగా, లాప్‌టాప్ పెట్టింది.

నాలుగు ఇరవై. పదిహేడు చెయ్యి సంచిలోకి పోయింది. గుడ్డ తగిలింది, గుడ్డ లోపల ఇనుము తగిలింది. జాబితా తెరుచుకుంటే కాల్చాలి. కాలిస్తే తను బతకడు, ఆమె కూడా బతకదు. ఇద్దర్నీ ఒకేసారి లాగాలి అన్న గొంతు చెవిలో గింగురుమంది. అక్కనీ తనే చంపాలా?

డాక్టర్ డిస్క్ తోశాడు. డ్రైవ్ గుయ్యిమంది. చిన్న పెట్టె ఒకటి తెర మీద తేలింది. ఈ డ్రైవ్ రీజియన్ మూడు. మార్చడానికి మిగిలిన అవకాశాలు సున్నా.

డాక్టర్ తలెత్తి ఎగుమతిదారు వైపు చూశాడు.

"కంప్యూటర్ డ్రైవ్‌కి రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తారు," అన్నాడు డాక్టర్ నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు. "ఐదూ అయిపోతే ఆఖరి నంబర్ మీద తాళం పడిపోతుంది. బ్రహ్మ దిగివచ్చినా తీయలేడు. నాకింకా మూడు మిగిలి ఉండాలి. పోయిన ట్రిప్పులో దీన్ని ఎనిమిదికి సెట్ చేసి తెచ్చింది నువ్వు."

"అప్పుడాడింది కదా!" ఎగుమతిదారు గొంతు కీచుమంది.

"అప్పుడు ఆడింది. ఇప్పుడు ఓడ ప్లేయరూ ఆడదు, నా లాప్‌టాపూ ఆడదు. ఖాళీ డిస్క్ చేతిలో పెట్టి, అసలుది ఇంకెవరికి అమ్మావు?"

"నా మాట వినండి..."

"ఇందాక వీరు మీ క్యాబిన్ దగ్గర తచ్చాడుతుంటే చూశాను డాక్టర్ గారూ," అంది ఆమె, ఎగుమతిదారు కప్పులో చక్కెర కలుపుతూ. "మీరే పిలిచారేమో అనుకున్నా."

ఎగుమతిదారు ఆమె మీదికి లేచాడు. డాక్టర్ కోటులోంచి బుల్లి పిస్టల్ బయటికి వచ్చింది. పదిహేడు పనిముట్ల సంచి డాక్టర్ మణికట్టు మీదికి విసిరాడు. గుండు పైకప్పులోకి పోయింది. ఆమె గోడ మీది ప్రమాద గంట లాగింది.

ఓడ సిబ్బంది పరుగెత్తుకొచ్చారు. వెనకే కెప్టెన్. ఒక ప్రయాణికుడి చేతిలో పొగలు కక్కుతున్న పిస్టల్, కిందపడి అరుస్తున్న వ్యాపారి. తన ఓడలో కాల్పులు! రేవు పోలీసులకు ఫోన్ చేసింది కెప్టెనే.

నాలుగు యాభైకి ఇద్దరికీ బేడీలు పడ్డాయి. కెప్టెన్ లాప్‌టాప్‌లోంచి డిస్క్ తీసి చూపించాడు. "ఇదెవరిది?"

"నాది కాదు," అన్నాడు డాక్టర్.

"నాదీ కాదు," అన్నాడు ఎగుమతిదారు. ముప్పై ఒక్క ప్రాణాలున్న డిస్క్ తమదని ఒప్పుకునే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

"పాడైన డిస్క్ సార్," అన్నాడు మెకానిక్. "ఇలా ఇవ్వండి, పోతూపోతూ పారేస్తాను."

కెప్టెన్ చెత్త వదిలిందన్నట్టు అతని చేతిలో పెట్టాడు. హారన్ మోగింది. మెట్లు ఎత్తేస్తుండగా మెకానిక్, అతని వెనకే చెప్పులు చేత్తో పట్టుకున్న ఆమె, ఒక్క గెంతులో రేవు మీదికి దిగారు.

ఓడ కదిలింది. ఇద్దరూ సరుకు పెట్టెల నీడలో నిలబడ్డారు. పదిహేడు మీసం పీకేశాడు.

"నేను చెప్పాకే వెళ్ళి లాప్‌టాప్ రీజియన్ మార్చారా?"

"ఆ. మూడుసార్లు." ఆమె సముద్రం వైపు చూస్తోంది. "నువ్వు అబద్ధం చెప్పుంటే మార్చేదాన్ని కాదు. మీ ఆఫీసులో ఎవడో నకిలీ అన్నాడని నాకెప్పుడో తెలుసు. ఎగుమతిదారు తాగి వాగాడు, వీళ్ళకి అక్కడా మనుషులున్నారు. అలా అన్నది ఎవడో మాత్రం తెలీదు. తమ్ముణ్ణి ఎలా పట్టుకున్నారో నీకు తెలుసా?"

"తెలీదు."

"మీరు రమ్మన్న బస్టాండుకి వెళ్ళాడు. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు వెళ్ళాడు. మూడో రోజూ అదే బెంచీ మీద కూర్చున్నాడు. రోజూ రెండు పెట్టెలు మోసుకుని. ఒకటి వాడిది, ఒకటి నాది. రోజూ పెట్టెలతో వచ్చి బస్సెక్కకుండా పోయేవాణ్ణి ఎవరు గుర్తుపట్టరు?"

రద్దు చేయవచ్చు అని రాసినప్పుడు ఆ రద్దు సంగతి అవతలి మనిషికి ఎవరు చెప్తారని పదిహేడు ఆలోచించలేదు. ఎవరూ చెప్పలేదు.

"క్షమించమని అడగను," అన్నాడు.

"అడక్కు."

క్రేన్ ఒకటి తలల మీదుగా తిరిగి ఆగింది. ఆమె చెప్పులు కింద పడేసి, కాళ్ళు దూర్చుకుంటూ, మొహం చూపించకుండా అడిగింది. "వాడు పంపిన డిస్క్‌లో కనపడతాడా?"

"కనపడతాడు."

"మాట్లాడతాడా?"

"మీ గురించి కూడా."

"దాన్ని చూడాలంటే... ఎలాంటి ప్లేయర్ కావాలి?"

"నేను తెచ్చిపెడతాను," అన్నాడు పదిహేడు.

మర్నాడు తన ఇంట్లో ప్లేయర్ విప్పించి, పెద్దమ్మ చేత అన్ని రీజియన్లూ ఆడేలా చేయించాడు. డిపార్ట్‌మెంట్ ఆమెకిచ్చిన అద్దె ఇంటికి తనే మోసుకెళ్ళాడు. వైర్లు కలిపి, డిస్క్ కాపీ పెట్టి, రిమోట్ ఆమె చేతికిచ్చాడు. ఆమె గుమ్మం వైపు చూపించింది. అతను బయటికి రాగానే లోపల్నుంచి గడియ పడింది. మెట్ల దాకా వెళ్ళేలోపే, మూసిన తలుపు వెనక, "అన్నా, నమస్కారం" అని వినిపించింది. గుమాస్తా ఆ మాట చెప్పింది పదిహేడుకే. అక్కడ నిలబడి వినే హక్కు తనకు లేదు. దిగి వెళ్ళిపోయాడు.

చీఫ్ భుజం తట్టాడు. ముప్పై ఒక్క మందీ క్షేమం. మెడల్‌కు సిఫార్సు చేస్తానన్నాడు. పదిహేడు వద్దని, పాత రిపోర్ట్ దిద్దడానికి అనుమతి అడిగాడు. మూసిన ఫైలు దిద్దే రూలు లేదన్నాడు చీఫ్.

దాంతో పదిహేడు సామాన్ల విభాగానికి ఒక ఫారం నింపాడు. ప్రతి రహస్య స్థావరానికీ అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఒకటి కావాలి. ఎందుకు అన్న గడిలో ఏం రాయాలో తోచక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. చివరికి, ఏ కాగితం మీదా ఇంతవరకు గుమాస్తా అని తప్ప రాయని ఆ మనిషి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రంగా రాసి సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా ఫారం వెనక్కి వచ్చింది. కింద ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉంది.

"ఈ పేరుగల సరఫరాదారు మా జాబితాలో లేరు. వేరొకరిని సూచించగలరు."